వలల గది

“రాయి” అన్నాడు ఎలీయాజరు. “నేను రాసిందంతా అబద్ధం, మా నాన్న అలాంటి మనిషి కాదు అని రాయి. నా ఎదురుగా రాసి, నేను చూస్తుండగా పంపించు.”

జెస్సీ లాప్‌టాప్ ముందే కూర్చుని ఉంది గానీ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. పొద్దున్నించీ ఆయన ఇదే మాట. కాసేపు గట్టిగా, కాసేపు బతిమాలుతున్నట్టు, ఒకోసారి బళ్లో లెక్క తప్పిన పిల్లతో అన్నట్టు నెమ్మదిగా. ఎలా అన్నా ఆ పిల్ల వేళ్లు కదలడం లేదు.

జ్వరమొచ్చినా ఆదివారం ఆరాధన మానని మనిషి ఆయన. ఇవాళ గంట కొట్టినప్పుడు బైబిలు చేతిలోకి తీసుకుని, చొక్కా గుండీలు కూడా పెట్టుకుని, మళ్లీ మంచం మీద కూర్చుండిపోయాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్లనని అడిగాడు. ఎవరినడిగాడో తెలీదు.

విక్టోరియా వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూస్తోంది. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగమైంది. బియ్యం కడిగిన గిన్నె ఆమె చేతిలోనే ఉంది. నిన్నటి నుంచి ఆమె గట్టిగా ఒక్క మాట అనలేదు. ఆవిడ ఊరుకుందంటే కోపం లేదనుకుంటారు ఆ తండ్రీకూతుళ్లు. వాళ్లెప్పుడూ అంతే.

నిన్న తాడేపల్లిగూడెంలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ఒళ్లు మండిపోతోంది.

విదేశీ చదువుల కన్సల్టెన్సీ నడిపే దుర్గేష్ కల్యాణమండపం తీసుకుని పెద్ద మీటింగు పెట్టాడు. స్కాలర్‌షిప్పుతో సీటొచ్చిన పిల్లల తల్లిదండ్రులకు సన్మానమన్నాడు. జెస్సీకి స్కాట్లండ్‌లో పబ్లిక్ హెల్త్ చదవడానికి సీటూ, ఖర్చులన్నీ వాళ్లే పెట్టుకునే స్కాలర్‌షిప్పూ వచ్చాయి. ఎలీయాజరు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు, అటు కొల్లేటి ఊళ్లలో, ఇటు ఏలూరులో సగం ఊరికి చదువు చెప్పినవాడు. హాల్లో అడుగుపెట్టగానే నమస్కారాలందుకుంటూ స్టేజీ దాకా నడిచాడు. దుర్గేష్ ఆయన భుజాల మీద శాలువా కప్పాడు. సరిగ్గా అప్పుడే వెనకాల తెర మీద జెస్సీ ఫొటో పడింది. ఎవరో అమ్మాయి మైకు పట్టుకుని, జెస్సీ యూనివర్సిటీకి రాసుకున్న స్టేట్‌మెంటు తెలుగులో చదవడం మొదలుపెట్టింది. స్టేట్‌మెంటు అంటే ఇలా ఉండాలి, చూసి నేర్చుకోండి అని దుర్గేష్ మధ్యలో అందుకున్నాడు.

‘నాకు డిగ్రీలో సీటొచ్చిందని తెలిసిన రోజు మా నాన్న నన్ను వలలు పెట్టుకునే గదిలోకి నెట్టి బయట గొళ్లెం వేశాడు. ఆడపిల్లకు చదువెందుకన్నాడు. మా అమ్మకు అక్షరం రాదు. గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్ముతుంది. తెల్లవారుజామున ఆవిడే గొళ్లెం తీసి, నన్ను పడవెక్కించింది.’

హాలంతా చప్పట్లు కొట్టింది. ఎలీయాజరుతో పాటు ఏళ్ల తరబడి ఒకే బళ్లో పనిచేసిన సైన్సు మాస్టారు నరసింహమూర్తి, తన మనవడి కోసం వచ్చినవాడు, ముందు వరసలో కూర్చుని తల దించేసుకున్నాడు. శాలువా కప్పుకుని నిలబడ్డ ఆ తండ్రి ఎటు చూడాలో తెలీక మైకు వంకే చూస్తూ ఉండిపోయాడు. ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు. ఇవాళ పొద్దున విప్పాడు. ఇక ఆపడం లేదు.

“ఎంతమంది ఇళ్లకి తిరిగానో నీకు తెలుసా?” అంటున్నాడు ఇప్పుడు. “పదో తరగతి కాగానే పిల్లకి పెళ్లి చేసేస్తామంటే, వద్దండీ, చదివించండీ అని ఆ తండ్రుల గడ్డాలు పట్టుకుని బతిమాలినవాణ్ణి. వాళ్లంతా ఇవాళ ఏమనుకుంటారు? ఈయన ఇంట్లో పిల్లని గదిలో పెట్టి తాళం వేసుకుని, మాకొచ్చి నీతులు చెప్పాడా అనుకోరూ?”

అందులో మీ పేరు లేదు కదా డాడీ అంది జెస్సీ. పేపరు మీదున్న నాన్న వేరు, మీరు వేరు అంది. ముందు తను నిజమే రాసింది. నాన్న లెక్కలు చెప్పాడు, పరీక్షలప్పుడు ఎండలో సెంటరు బయట కూర్చున్నాడు, అమ్మ హాస్టల్లో మేట్రన్, ఇద్దరూ ప్రేమగా పెంచారు అని. అది చదివి దుర్గేష్ నవ్వాడట. బంగారంలాంటి అమ్మానాన్నలుంటే ఇందులో కథేముందమ్మా, చప్పగా ఉంది, వాళ్లకి కష్టం కావాలి, నీ కష్టమేదో తీసుకురా అన్నాడట. తిరగరాయించి, మళ్లీ తిరగరాయించి, చివరికి ఇది తీసుకెళ్తే లేచి నిలబడి షేక్‌హ్యాండిచ్చాడట.

“నా పేరు లేదంటావు. నీ పేరుంది కదా. దాని ముందున్న ఇంటిపేరు ఎవరిది?”

ఎలీయాజరు ఫోను తీసి దుర్గేష్‌కి చేశాడు. అందరూ వినాలని స్పీకరు పెట్టాడు. ఆ కుర్రాడి గొంతు వెన్నలా ఉంది. మాస్టారూ, మీరు మనసులో పెట్టుకోకండి అన్నాడు. అందరివీ ఇలాగే ఉంటాయండీ, చదివేవాళ్లకీ తెలుసండీ, దీన్ని అబద్ధమనుకోకూడదండీ, చెప్పే పద్ధతండీ అన్నాడు. తెర మీద వెయ్యడం మాత్రం మా పిల్లల పొరపాటండీ, ముందు మీకు చెప్పాల్సింది అన్నాడు. ఇప్పుడు గనక అమ్మాయి వెనక్కి తీసుకుంటున్నానని రాస్తే స్కాలర్‌షిప్పు పోతుంది, సీటూ పోతుంది, మా దగ్గర్నుంచి వెళ్లిన మిగతా పిల్లల కాగితాలు కూడా అనుమానంగా చూస్తారు, పదిమంది పిల్లల ఉసురు పోసుకోకండి మాస్టారూ అన్నాడు. ఆఖరికి, ఆ వలల గది మాత్రం అద్భుతమండీ, అలాంటిది కూర్చుని ఎవరూ పుట్టించలేరండీ అన్నాడు.

ఎలీయాజరు ఫోను కట్టేశాడు.

ఆ చివరి మాట ఆయనకి ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. కూతురి వైపు తిరిగి, కాస్త గొంతు తగ్గించి అడిగాడు.

“అవును, ఆ వలల గది ఎక్కడిది? మా ఇంట్లో వలలెప్పుడున్నాయి? మా నాన్న కూడా వల పట్టలేదే. ఇంతలేసి పుట్టించే బుర్ర నీకెక్కణ్ణించొచ్చింది?”

జెస్సీ తలెత్తి గుమ్మం వైపు చూసింది. ఆ చూపులో, చెప్పేయనా అన్న ప్రశ్న ఉంది. విక్టోరియా బియ్యం గిన్నె ఇంకా గట్టిగా పట్టుకుంది.

“పుట్టించలేదు డాడీ. అది మమ్మీది.”

ఎలీయాజరు భార్య వంక చూశాడు. ఆమె కాదనలేదు.

జెస్సీకి మెడిసిన్ రాని ఏడు జరిగిన సంగతది. ఆ పిల్ల అన్నం మానేసి గోడకి తిరిగి పడుకుంటే, పక్కన కూర్చుని తల నిమురుతూ చెప్పింది విక్టోరియా. కొల్లేటికోటలో ఇంటర్ పాసైన ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేని రోజుల్లో తనకి మద్రాసు వైపు మిషను ఆస్పత్రిలో నర్సింగు సీటు రావడం, నాన్న తోమా రేకుపెట్టె కొనుక్కురావడం, తీరా బయల్దేరే ముందురోజు ఆయనే వలలు పెట్టుకునే గదిలో తనని పెట్టి గొళ్లెం వేయడం, చేరాల్సిన గడువు దాటిపోయేదాకా ఆ తడి వలల కంపులోనే కూర్చోవడం. నాకే అలా జరిగింది, అయినా బతికాను, నువ్వింకో దారి చూసుకోగలవు అని చెప్పడానికి చెప్పింది. ఎవరికీ చెప్పని మాట. కూతురు లేచి అన్నం తింటే చాలనుకుని చెప్పిన మాట. అందులోనూ సగమే చెప్పింది.

నిన్న హాల్లో ఆ అమ్మాయి మొదటి వాక్యం చదివినప్పుడే ఆమెకి తెలిసిపోయింది. ఒక్కో వాక్యం వస్తుంటే, తన చీర ఎవరో తనముందే కట్టుకుని తిరుగుతున్నట్టనిపించింది. కూతురు తన గది తీసుకుంది, తన గొళ్లెం తీసుకుంది, తన ఏడుపు తీసుకుంది. తీసుకుని, తల్లిని అక్షరం రాని మనిషిని చేసి పక్కన నిలబెట్టింది. హాస్టలు పిల్లల రిపోర్టులన్నీ ఇంగ్లీషులో రాసి మిషను ఆఫీసుకి పంపే మనిషిని.

“నిజమేనా?” అన్నాడు ఎలీయాజరు.

“నిజమే.”

“మామగారు ఇంత పని చేశాడా? ఇన్నేళ్లు నాతో ఒక్కసారి అనలేదేం విక్టోరియా?”

ఆయన లేచి అటూ ఇటూ తిరిగాడు. పొద్దున్నించీ కూతురి మీదున్న కోపం ఇప్పుడు పోయినాయన మీదకి మళ్లింది. తోమా ఎప్పుడూ మొండిమనిషేనన్నాడు. లోకం తెలీదన్నాడు. చేతికందిన సీటు కాలదన్నిన తండ్రి తండ్రేనా అన్నాడు. తిట్టేకొద్దీ ఆయన మొహం తేటపడుతోంది. తప్పు చేసినవాడెవడో దొరికాడు, అది తను కాదు.

“నాకు గనక అప్పుడు తెలిసుంటే” అన్నాడు చివరికి, “పడవేసుకుని వచ్చి ఆ తలుపు నేనే పగలగొట్టేవాణ్ణి.”

విక్టోరియా గిన్నె కింద పెట్టింది. పెట్టినప్పుడు కొంచెం బియ్యం ఒలికింది. అది చూసుకోలేదు.

“గొళ్లెం వేసింది మా నాన్న” అంది. “వేయించింది మీరు.”

ఆయనకి అర్థం కాలేదు. ఏమన్నావని అడిగాడు.

ఆమె తొందరపడలేదు. ఇన్నాళ్లూ లోపల ఎన్నిసార్లు చెప్పుకుందో, మాటలు తడుముకోకుండా వచ్చాయి. అప్పటికి వాళ్లిద్దరికీ సంబంధం ఖాయమైంది. ఆయనకి కొత్తగా ఉద్యోగమొచ్చింది. తోమా ఆమెని నర్సింగుకి పంపడానికి ఒప్పుకున్నాడు, పెట్టె కూడా సర్దించాడు. చదువయ్యాకే పెళ్లి చేద్దామనుకున్నాడు. ఎలీయాజరు పెద్దవాళ్లతో కలిసి ఒక సాయంత్రం వచ్చి, కాఫీ తాగి, వెళ్లిపోతూ పడవ దగ్గర తోమాతో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాడు.

“ఈ నర్సు చదువులు మనకెందుకండీ, నైట్ డ్యూటీలూ అవీనూ, అన్నారు. కావాలంటే పెళ్లయ్యాక టీచరు ట్రైనింగు నేను చేయిస్తానన్నారు. ఆ అమ్మాయి మద్రాసు వెళ్తే మాత్రం నాకోసం చూడకండి అన్నారు. మా నాన్న ఇంటికొచ్చి అదంతా మా అమ్మతో చెప్పాడు. గవర్నమెంటు మాస్టారు సంబంధం. పోతే మళ్లీ వస్తుందా? తెల్లారేసరికి నేను లోపలున్నాను. మా అమ్మ తలుపు అవతల కూర్చుని, అబ్బాయికి ఇష్టం లేదంటమ్మా, ఊరుకో అంది. ఆ అబ్బాయి మీరే.”

“నేనా?” అన్నాడు ఎలీయాజరు. “నేనలా అన్నానా?”

ఆయన అబద్ధమాడడం లేదు. నిజంగానే గుర్తు లేదు. అది ఆమెకి మొహం చూడగానే తెలిసింది, తెలిసి కోపం ఇంకా పెరిగింది. గుర్తుండి దాచుకున్నా ఇంత మండేది కాదేమో. తన బతుకంతా పక్కకి తిరిగిన మాట ఆయనకి కాఫీ తాగి పడవెక్కుతూ అన్న మాట, అంతే.

“ఏదో అనుంటాను” అన్నాడు. “ఆ వయసులో, ఆ రోజుల్లో, ఎవరైనా అనే మాటే. మీ నాన్న తలుపేస్తాడని నాకేం తెలుసు?”

“తెలీదు. వచ్చారా కనుక్కోవడానికి? సీటేమైందమ్మా అని పెళ్లయ్యాకైనా అడిగారా? తనే వద్దనుకుందిట అని మీరే నలుగురికీ చెప్పారు. నా పక్కనే నిలబడి చెప్పారు.”

ఎలీయాజరు కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లయ్యాక టీచరు ట్రైనింగు ఊసు ఆయన ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఆ సంవత్సరమే జెస్సీ అన్న పుట్టాడు. తర్వాత ఇంకో సంవత్సరం, ఇంకో కారణం.

జెస్సీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నిన్నటి నుంచీ బిగుసుకుపోయిన ఆ పిల్ల మొహంలోకి ఏదో ప్రాణం లాంటిది వచ్చింది.

“అయితే మమ్మీ, నేను రాసింది అబద్ధం కాదన్నమాట” అంది.

విక్టోరియా కూతురి దగ్గరకి నడిచింది. కొడుతుందేమోనని జెస్సీ కొంచెం వెనక్కి జరిగింది. ఆమె కొట్టలేదు.

“నువ్వు రాసింది ముమ్మాటికీ అబద్ధమే. ఆయన నాకు చేశాడు. నీకేం చేశాడు? నీకు జ్వరమొస్తే బడికి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్న మనిషి. హాస్టల్లో దింపి, బస్టాండులో ఏడ్చి వచ్చిన మనిషి. ఆయనతో నాకున్న గొడవ నాది. దాన్ని తీసుకెళ్లి అమ్ముకోవడానికి నీకెవరు చెప్పారు?”

“నిన్ను మంచిగానే రాశాను కదా మమ్మీ. గొళ్లెం తీసింది నువ్వే అని రాశాను.”

“నాకెవరూ తీయలేదే.”

ఆ మాట అని విక్టోరియా వంటింటి తలుపు గొళ్లెం వైపు చెయ్యి చూపించింది.

“ఎవరూ తీయలేదు. మా అమ్మ తలుపవతలే కూర్చుంది, చెయ్యి పైకెత్తితే గొళ్లెం అందుతుంది. ఎత్తలేదు. ఎవరో వచ్చి తీసినట్టు నువ్వు రాసేస్తే, వాళ్లందరూ చప్పట్లు కొట్టేస్తే, ఇంక నాకు జరిగిందేమిటి? అక్షరం రాదని రాశావు. నీకు ఎ బి సి డిలు దిద్దించింది ఎవరు?”

జెస్సీకి ఏడుపొచ్చింది. దుర్గేషే అలా రాయమన్నాడంది. అమ్మ చదువుకున్నదైతే కష్టం తగ్గుతుందన్నాడట. చెబుతుంటే ఆ పిల్లకే తన మాటలు ఎలా వినిపించాయో, మధ్యలో ఆపేసింది. తర్వాత ఇంకోరకంగా అంది. నిజం రాస్తే ఎవరూ పట్టించుకోలేదు, మంచి తల్లిదండ్రులుండడం నా తప్పా అంది. నాకూ వెళ్లాలనుంది మమ్మీ, నువ్వు వెళ్లలేకపోయావని నేనూ ఆగిపోవాలా అంది.

వంటింట్లో ఎసరు ఇగిరిపోయి గిన్నె మాడుతున్న వాసన వస్తోంది. విక్టోరియా వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చింది.

ఆమె వచ్చేసరికి ఎలీయాజరు తల వంచుకుని కూర్చునే ఉన్నాడు. పొద్దున్నించీ అరిచిన గొంతేనా అనిపించేంత నెమ్మదిగా మాట్లాడాడు.

“ఏమీ రాయొద్దులే జెస్సీ. ఉన్నది ఉండనీ. నా పేరు పోతే పోయింది. మొత్తానికి లేనిపోనిదేం కాదుగా. నువ్వెళ్లు. చదువుకో. ఎవరడిగినా నేను చెప్పుకుంటాను.”

జెస్సీ కళ్లు తుడుచుకుంది. లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసింది, ఇంక మూసేయొచ్చన్నట్టు.

వాళ్లిద్దరి మధ్యా క్షణంలో రాజీ కుదిరిపోయింది. తండ్రి పెద్దమనసు చేసుకున్నాడు, కూతురికి దారి దొరికింది. విక్టోరియా చూస్తూ నిలబడింది. పడవ దగ్గర మాట్లాడుకున్నప్పుడు కూడా ఇలాగే కుదిరి ఉంటుంది. ఒకరు అన్నారు, ఇంకొకరు తలూపారు. అప్పుడు ఆమె ఇంట్లో కాఫీ గ్లాసులు కడుగుతోంది.

“మూయకు” అంది.

జెస్సీ చెయ్యి ఆగింది.

“పొద్దున రాయమన్నదీ మీరే, ఇప్పుడు వద్దన్నదీ మీరే. నన్నెవరైనా అడిగారా? అందులో ఉన్నది ఎవరి సంగతి?” ఎలీయాజరు ఏదో చెప్పబోయాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. “లే జెస్సీ. ఇలా ఇవ్వు.”

“మమ్మీ, నువ్వేం చేస్తావు?”

“యూనివర్సిటీలో నీకు సీటిచ్చినావిడ పేరేమిటి, ఏ అడ్రసుకి రాయాలి, అది తీసి పెట్టు. తీసి లే.”

జెస్సీ తండ్రి వంక చూసింది. ఆయన తల వంచుకునే ఉన్నాడు. ఆ పిల్ల మెయిలు తెరిచి, అడ్రసు పెట్టి, కుర్చీలోంచి లేచింది. విక్టోరియా చీరకొంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. కళ్లద్దాలు పెట్టుకుంది. ఎదురుగా ఖాళీగా ఉన్న తెల్లటి చోటు వంక కాసేపు చూసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇంగ్లీషులో కొట్టడం మొదలుపెట్టింది.

రెండో వాక్యం అయ్యేసరికి జెస్సీ ఉండబట్టలేక వెనక్కి వచ్చి నిలబడింది. తల్లి స్క్రీను పక్కకి తిప్పేసింది.

“సీటు పోతుందా మమ్మీ? అది ఒక్కటి చెప్పు.”

“విక్టోరియా” అన్నాడు ఎలీయాజరు. “ఏం రాస్తున్నావో చెప్పి రాయి.”

ఆమె కొట్టడం ఆపలేదు.

“రాశాక నేనే చదివి వినిపిస్తాను” అంది. “అప్పటిదాకా ఇద్దరూ మాట్లాడకుండా కూర్చోండి.”